జబ్బు వచ్చిన దారి వెంట వెనక్కి

దగ్గు, తుమ్ము, మాట, ఊపిరి ద్వారా వ్యాపించే అంటువ్యాధి ఒక ఊళ్లో అడుగుపెట్టినప్పుడు, పాజిటివ్ అని తేలిన మనిషి ఇంటికి వెళ్లే ఆరోగ్య కార్యకర్త ఆయనను రెండు రకాల ప్రశ్నలు అడగవచ్చు. ఈ నాలుగైదు రోజుల్లో ఎవరెవరిని కలిశారు, ఎవరితో కలిసి భోజనం చేశారు, ఎవరి పక్కన కూర్చుని ప్రయాణించారు అన్నది మొదటి రకం. ఇది జబ్బు ఆయన నుంచి ముందుకు ఎటు పోయి ఉంటుందో చెబుతుంది. అసలు మీకు ఇది ఎక్కడ సోకి ఉంటుంది, ఆ చోట మీతో పాటు ఇంకెవరున్నారు, ఎంతసేపు ఉన్నారు, గాలి ఆడే చోటేనా అన్నది రెండో రకం. ఇది జబ్బు ఆయన దాకా వచ్చిన దారిని చూపిస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లాలో కమ్యూనిటీ మెడిసిన్ వైద్యునిగా కాంటాక్ట్ ట్రేసింగ్ బృందంతో పనిచేసినప్పుడు మా చేతికి వచ్చిన ఫారాలన్నీ దాదాపుగా మొదటి రకం ప్రశ్న చుట్టూనే అల్లుకుని ఉండేవి. ప్రైమరీ కాంటాక్టులు (రోగిని నేరుగా కలిసినవారు) ఎందరు, సెకండరీ కాంటాక్టులు (వారిని కలిసినవారు) ఎందరు, శాంపిల్ తీశారా లేదా అన్న గడులు నిండితే ఆ పూటకు పని అయినట్టే. శ్వాసకోశ వ్యాధుల విషయంలో రెండో ప్రశ్నకే ఎక్కువ బలముందని నేను గట్టిగా నమ్ముతాను. అది ఎందుకో చెప్పడానికి 2003లో పలు దేశాలను కుదిపిన ప్రాణాంతక న్యుమోనియా సార్స్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడదు.

2002 నవంబరులో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో అంతుచిక్కని న్యుమోనియా ఒకటి మొదలైంది. మరుసటి ఫిబ్రవరికి గ్వాంగ్‌జౌ నగరంలోని ఆస్పత్రులకు అటువంటి రోగులు వరసగా వస్తున్నారు, వారికి వైద్యం చేసినవారు కూడా మంచాన పడుతున్నారు. ఆ రోగులకు చికిత్స చేసిన 64 ఏళ్ల వైద్యుడొకరు 2003 ఫిబ్రవరి 21న బంధువుల పెళ్లికని హాంకాంగ్ వచ్చి, కౌలూన్‌లోని మెట్రోపోల్ హోటల్ తొమ్మిదో అంతస్తులో 911వ గదిలో దిగారు. అప్పటికే కొన్ని రోజులుగా ఆయనకు ఒంట్లో బాగాలేదు. మర్నాడే దగ్గరలోని ఆస్పత్రిలో చేరి, మార్చి 4న కన్నుమూశారు. హోటల్లో ఆయన గడిపింది ఒక్క రాత్రి.

ఆ ఒక్క రాత్రిలో, ఆ అంతస్తులో బస చేసినవారికీ అక్కడికి వచ్చిపోయినవారికీ కలిపి కనీసం 16 మందికి జబ్బు సోకింది. వారిలో ఒక పెద్దావిడ టొరంటోకు తిరిగి వెళ్లారు. ఒక వ్యాపారి వియత్నాంలోని హనోయ్ వెళ్లి అక్కడి ఆస్పత్రిలో చేరారు. విహారానికి వచ్చిన యువతులు సింగపూర్‌లో తమ ఇళ్లకు చేరుకున్నారు. ఆ హోటల్లో దిగిన స్నేహితుణ్ణి చూడటానికి వెళ్లిన హాంకాంగ్ యువకుడొకరు మార్చి 4న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆస్పత్రిలోని 8ఏ వార్డులో చేరారు. వీరిలో ఎవరికీ తమకు సోకినది ఏ జబ్బో తెలియదు, ఆ వైద్యుడెవరో అసలే తెలియదు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. ఆ నాలుగు నగరాల్లోని వైద్యులూ తమ ముందున్న రోగి నుంచి జబ్బు ఎవరికి పాకిందో వెతుకుతూనే ఉన్నారు. హనోయ్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేస్తున్న కార్లో ఉర్బాని ఫిబ్రవరి ఆఖరులోనే ఆ వ్యాపారిని పరీక్షించి, ఇది మామూలు ఫ్లూ కాదని గుర్తించి, సంస్థను అప్రమత్తం చేశారు. ఆస్పత్రి సిబ్బందిని విడిగా ఉంచే ఏర్పాట్లు చేయించారు. వియత్నాం 63 కేసులతో, అందరికంటే ముందుగా ఏప్రిల్ 28 నాటికే సార్స్ నుంచి బయటపడగలిగిందంటే అందులో ఆయన చొరవది పెద్ద వాటా. ఆయన మాత్రం అదే జబ్బుతో మార్చి 29న బ్యాంకాక్‌లో మరణించారు. మార్చి 12న ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ హెచ్చరిక జారీ చేసింది, 15న జబ్బుకు సార్స్ అని పేరు పెట్టింది. అయినా అప్పటికి హనోయ్‌ది హనోయ్ గొడవ, టొరంటోది టొరంటో గొడవ. ఈ రోగులంతా జబ్బు పడకముందు ఎక్కడున్నారన్న వివరాలను ఒకచోట పెట్టి చూసినప్పుడు గానీ అవి నాలుగూ ఒకే హోటల్లోని ఒకే అంతస్తుకు దారితీస్తున్నాయని తేలలేదు. హాంకాంగ్ ఆరోగ్య శాఖ ఈ సంబంధాన్ని మార్చి 19న ప్రకటించింది. అంటే ముందుకు వెతికిన ఎన్ని జాబితాల్లోనూ కనబడని మెట్రోపోల్ హోటల్, వెనక్కి వెతికినప్పుడు బయటపడింది.

ఆ తర్వాత పరిశోధకులు హోటల్‌ను నిశితంగా పరిశీలించారు. 911వ గది బయట తివాచీ నుంచీ లిఫ్టు పరిసరాల నుంచీ సేకరించిన నమూనాల్లో, రోగి వెళ్లిపోయి వారాలు గడిచిన తర్వాత కూడా వైరస్ జన్యుపదార్థం జాడలు దొరికాయి. హోటల్ సిబ్బందిలో మాత్రం ఒక్కరూ జబ్బు పడలేదు. ఆ వైద్యుడూ ఇతర అతిథులూ ఒకరినొకరు పలకరించుకున్న దాఖలా కూడా లేదు. వారిని కలిపినది ఆ అంతస్తే, అక్కడి గాలే అనుకోవాలి. కాంటాక్ట్ అంటే పరిచయస్థుడు, బంధువు, తోటి ఉద్యోగి అని మాత్రమే భావించే పద్ధతిలో ఇటువంటి గొలుసు ఎప్పటికీ చిక్కదు.

8ఏ వార్డులో జరిగినది మరో పాఠం. అక్కడ చేరిన యువకుడికి ఊపిరి సులువుగా ఆడటం కోసం నెబ్యులైజర్ పెట్టారు. మందును సన్నని తుంపరగా మార్చే ఆ యంత్రం రోగి ఊపిరిలోని వైరస్‌ను కూడా వార్డంతా చిమ్మి ఉంటుందని తర్వాత భావించారు. ఆ ఆస్పత్రి వైద్యులు మార్చి నెలాఖరు లోపు తమ దగ్గర చేరిన 138 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారంతా ఆ యువకుడి నుంచి నేరుగానో మరొకరి ద్వారానో జబ్బు సోకినవారే, వారిలో సగానికి మించి ఆస్పత్రి సిబ్బందీ వైద్య విద్యార్థులూ.

అమోయ్ గార్డెన్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపార్ట్‌మెంట్లలో ఉండే మనందరికీ అది పనికివచ్చే విషయం. కౌలూన్‌లోనే ఉన్న ఈ గృహ సముదాయంలో 19 బ్లాకులున్నాయి. మూత్రపిండాల వ్యాధికి చికిత్స కోసం ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆస్పత్రికి వచ్చిపోతున్న 33 ఏళ్ల వ్యక్తి, ఇక్కడి ఇ బ్లాకులో ఉండే తన సోదరుడి ఇంటికి మార్చి 14న, 19న వచ్చారు. అప్పటికి ఆయనకు జ్వరంతో పాటు విరేచనాలు ఉన్నాయి. ఏప్రిల్ 15 నాటికి ఆ సముదాయంలో 321 మందికి సార్స్ సోకింది, అందులో నూటికి 41 మంది ఒక్క ఇ బ్లాకువారే.

పరిశోధకులు జబ్బు పడిన ఇళ్లను భవనం పటం మీద గుర్తించి చూస్తే, జబ్బు ఒక అంతస్తులో ఇరుగుపొరుగు ఇళ్లకు పాకినట్టు కాక, ఒకే నంబరు ఉన్న ఫ్లాట్ల వెంట నిలువుగా పైకీ కిందికీ పోయినట్టు కనిపించింది. నిలువుగా ఉన్న ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది డ్రైనేజీ గొట్టం. బాత్రూము నేల మీద నీళ్లు పోయే జాలీ కింద వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండటం వల్లే కింది గొట్టంలోని దుర్వాసన పైకి రాదు. ఆ ఇళ్లవారిలో చాలామంది బాత్రూము నేలను నీళ్లు పోసి కడగకుండా తడిగుడ్డతో తుడిచేవారు కనుక ఆ వంపుల్లోని నీళ్లు ఎండిపోయాయి. చిన్న బాత్రూములో తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు అది కింది గొట్టంలోని కలుషితమైన తుంపరలను జాలీ గుండా ఇంట్లోకి లాగింది. ఇళ్ల మధ్య ఉన్న ఇరుకైన ఖాళీలోకి ఆ ఫ్యాన్లు వదిలిన గాలి పైకి లేచి ఇతర ఇళ్ల కిటికీల్లోంచి లోపలికి పోయింది. మధ్య, పై అంతస్తులవారికి కింది అంతస్తులవారి కంటే ఎక్కువగా సోకడానికి కారణం గాలి కదలికేనని 2004లో హాంకాంగ్ పరిశోధకులు లెక్కగట్టి చూపారు. మన ఇళ్లలోనూ వాడని బాత్రూముల జాలీల్లో అప్పుడప్పుడు చెంబెడు నీళ్లు పోయడం మంచిదని నేను అడిగినవారికీ అడగనివారికీ చెబుతుంటాను.

ప్రభుత్వం మార్చి 31న ఇ బ్లాకును దిగ్బంధించి, మర్నాడు అక్కడివారిని విహార శిబిరాలకు తరలించింది. భవనంలో ఏదో ఉందని ఎవరు ఎవరిని కలిశారన్న జాబితా చెప్పలేదు, ఏ ఇంటి నంబర్లు నిలువు వరసలో పడుతున్నాయన్న పటం చెప్పింది.

మనం ఎంత దూరం వరకు గీత గీసి వెతుకుతామన్నది మనకు ఏమి కనబడుతుందో నిర్ణయిస్తుంది. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన ఎయిర్ చైనా విమానంలో జ్వరంతో ప్రయాణించిన 72 ఏళ్ల వృద్ధుడి నుంచి 22 మందికి సోకినట్టు తేల్చారు. విమానాల్లో రోగికి ముందు రెండు వరసలు, వెనుక రెండు వరసలు చూస్తే చాలన్నది అప్పట్లో వాడుకలో ఉన్న లెక్క. పరిశోధకులు ఇంటర్వ్యూ చేయగలిగిన ప్రయాణికుల్లో, వృద్ధుడికి సరిగ్గా ముందున్న మూడు వరసల్లోని 23 మందిలో 8 మందికి సోకగా, మిగతా చోట్ల కూర్చున్న 88 మందిలో 10 మందికి సోకింది. ఏడు వరసల ముందు కూర్చున్నవారు కూడా అందులో ఉన్నారు. రెండు వరసల సూత్రంతో ఆగిపోయి ఉంటే ఆ జబ్బుపడినవారిలో చాలామంది ఏ జాబితాలోనూ చేరేవారు కాదు. అదే అధ్యయనంలో ఉన్న మరో విమానంలో లక్షణాలున్నవారు నలుగురు ప్రయాణించినా, సోకింది మహా అయితే ఒక్కరికి. ఈ తేడానే ట్రేసింగ్ పని మొత్తానికి కేంద్రం.

సింగపూర్ ఈ తేడాను స్పష్టంగా నమోదు చేసింది. అక్కడ మొదటి 201 కేసుల్లో 103 మందికి కేవలం ఐదుగురి నుంచి జబ్బు సోకింది, నూటికి 81 మంది నుంచి మరొకరికి సోకిన ఆధారం దొరకలేదు. శ్వాసకోశ వ్యాధులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. సగటున ఒకరి నుంచి ఇద్దరికో ముగ్గురికో అంటుతుందని పత్రికల్లో చదివినప్పుడు ప్రతి రోగీ ఇద్దరు ముగ్గురికి అంటిస్తాడని మనం ఊహించుకుంటాం. వాస్తవంలో చాలామంది ఎవరికీ అంటించరు, ఏ కొద్దిమందో, అది కూడా ఏదో ఒక గదిలో, ఏదో ఒక పూట, పదుల మందికి అంటిస్తారు.

కోవిడ్ విషయంలో ఈ సంగతికి ప్రపంచంలోనే అతి పెద్ద రుజువుల్లో ఒకటి మన ఆంధ్రప్రదేశ్ నుంచీ తమిళనాడు నుంచీ వచ్చిందన్నది చాలామంది తెలుగువారికి తెలియదు. అంటువ్యాధుల పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్ తదితరులు రెండు రాష్ట్రాల అధికారులతో కలిసి 84,965 మంది రోగులనూ, వారి ద్వారా జబ్బు సోకే అవకాశమున్న 5,75,071 మందినీ పరిశీలించి, 2020 సెప్టెంబరు ఆఖరులో సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించారు. రోగుల్లో నూటికి 71 మంది కాంటాక్టుల్లో ఒక్కరికీ జబ్బు సోకలేదు. నూటికి 8 మంది నుంచే కొత్త కేసుల్లో 60 శాతం పుట్టాయి. దగ్గరగా మెలిగినవారిలో 10.7 శాతానికీ, అంతగా దగ్గరలేనివారిలో 4.7 శాతానికీ సోకింది. ఎర్రటి ఎండల్లో ఊరూరూ తిరిగిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, గ్రామ వలంటీర్లు రాసి పెట్టిన వరసలే ఆ లక్షల అంకెలు. ఆ పత్రం చదివినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు ఈ అంకెలను రెండో ప్రశ్నతో కలిపి చూడాలి. పాజిటివ్ అయిన మనిషినొకరిని తీసుకుని ముందుకు వెతికితే, ఆయన నుంచి ఎవరికీ సోకి ఉండకపోయే అవకాశమే ఎక్కువ. అదే మనిషి నుంచి వెనక్కి వెతికితే, ఆయనకు జబ్బు ఇచ్చినవారు ఆ నూటికి 8 మందిలో ఒకరు కావడానికి నూటికి 60 పాళ్లు అవకాశం ఉంటుంది, ఎందుకంటే సోకినవారిలో అధిక భాగం వారి నుంచి సోకించుకున్నవారే. ఒక పెద్ద గుంపుకు సోకిన చోటు ఒకటి దొరికితే, అక్కడ సోకి ఇంకా ఏ జాబితాలోనూ లేనివారు ఒక్కసారిగా బయటపడతారు. జపాన్ 2020 తొలినాళ్లలో ఈ పద్ధతినే నమ్ముకుంది. తొహొకు విశ్వవిద్యాలయానికి చెందిన వైరస్ శాస్త్రవేత్త హితోషి ఒషితాని బృందం గుంపులుగా సోకిన సందర్భాలను వెనక్కి వెతికి, గాలి ఆడని మూసిన చోటు, కిక్కిరిసిన జనం, దగ్గరగా మాట్లాడుకునే సందర్భం అన్న మూడూ కలిసిన చోట్లకు దూరంగా ఉండమని ప్రజలకు చెప్పింది.

అటువంటి చోట్లు ఎలా ఉంటాయో చూపే అధ్యయనాలు ఆ ఏడాది వరసగా వచ్చాయి. గ్వాంగ్‌జౌలో కిటికీలు లేని రెస్టారెంట్ అంతస్తులో 2020 జనవరి 24న పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పది మందికి సోకింది. ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యనే తిరుగుతూ ఉండటంతో అదే అంతస్తులోని మిగతావారెవరికీ సోకలేదు. సియోల్‌లోని ఒక కాల్ సెంటరులో 11వ అంతస్తున పనిచేసే 216 మందిలో 94 మందికి సోకింది, వారిలో ఎక్కువమంది ఆ అంతస్తులో ఒక పక్కన కూర్చునేవారే. ఆ భవనంలోని మిగతా అంతస్తులవారు అవే లిఫ్టుల్లో ఎక్కిదిగినా పెద్దగా సోకలేదు. లిఫ్టులో గడిచే నిమిషం కంటే గదిలో గడిచే గంటలకే ప్రమాదం ఎక్కువని అది తేల్చింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మార్చి 10న రెండున్నర గంటల బృందగాన సాధనకు 61 మంది రాగా, 53 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు మరణించారు.

సార్స్‌ను 2003 జులై 5 నాటికి ప్రపంచమంతటా అదుపు చేయగలిగి, కోవిడ్‌ను చేయలేకపోవడానికి కారణం ట్రేసింగ్ చేసినవారి అశ్రద్ధ అని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. సార్స్ రోగిలో వైరస్ జబ్బు మొదలైన రెండో వారంలో ఎక్కువగా ఉండేది, కనుక జ్వరం చూసి మనిషిని విడిగా ఉంచితే గొలుసు తెగేది. 8,098 కేసులు, 774 మరణాలతో అది ఆగింది. కోవిడ్‌లో లక్షణాలు కనబడటానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి నుంచి జబ్బు పోతుంది, కొందరికి లక్షణాలే కనబడవు. మేము ఫోను చేసే సమయానికి కాంటాక్టుకు కూడా కాంటాక్టులు ఏర్పడి ఉండేవారు. రిపోర్టు రావడానికి పట్టే ప్రతి రోజూ మరికొందరు రోగుల్ని మాకు అందకుండా చేసేది.

వైరస్ జన్యుక్రమం చదవడం ఈ పనికి తర్వాత తోడైంది. కోవిడ్ వైరస్ నెలకు సుమారు రెండు చొప్పున మార్పులు పోగేసుకుంటుంది కాబట్టి, ఇద్దరు రోగుల వైరస్‌లలో తేడాలు మరీ ఎక్కువగా ఉంటే వారు ఒకే ఇంట్లో ఉన్నా ఒకరి నుంచి ఒకరికి సోకలేదని చెప్పవచ్చు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఈ పనిలో దేశానికి పెద్ద అండగా నిలిచింది. అయితే జన్యుక్రమం ఫలానా రెండు కేసులకు సంబంధం లేదని గట్టిగా చెప్పగలదు గానీ, వారు ఏ గదిలో కలిశారో చెప్పలేదు. అది మనిషిని అడిగి తెలుసుకోవలసినదే.

అడగడం ఎలాగో నేను నేర్చుకున్నది ఒక సీనియర్ ఏఎన్ఎం దగ్గర. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తేలని ఒక ఇంటికి ఆమెతో కలిసి వెళ్లాను. ఇంటిపెద్దకు పాజిటివ్, ఆయన గడప దాటలేదంటారు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని, ఇంటికి ఎవరూ రాలేదని ఖచ్చితంగా చెబుతోంది. ఏఎన్ఎం ఆ మాటను కాదనలేదు. దూరంగా నిలబడి, మాస్కు సర్దుకుని, తాపీగా అడిగింది.

"పోయిన ఆదివారం ఏం వండారు పిన్నీ?"

"చేపల పులుసు పెట్టానమ్మా."

"ఇద్దరికేనా? ఎంత చేప తెచ్చారేమిటి?"

"పెద్ద చేపే. ఇద్దరికెందుకమ్మా అంత? మా ఆడపడుచు వాళ్లూ వచ్చారుగా, పిల్లాడి సంబంధం మాట్లాడి వస్తూ."

పిన్ని అబద్ధమాడలేదు. ఆడపడుచును ఆమె బయటివారిగా లెక్కించలేదు, అంతే. ఆ ఆడపడుచు కుటుంబం అంతకు కొన్ని రోజుల ముందు ఒక నిశ్చితార్థానికి వెళ్లి వచ్చింది. తలుపులు వేసి ఏసీ పెట్టిన చిన్న హాలు, వానపడటంతో అందరూ లోపలే, సాయంత్రం దాకా మాటలు. ఆ హాలు పేరు కేసుల వివరాలు వరసగా రాసే మా లైన్ లిస్టులో అంతవరకు ఎక్కడా లేదు. అక్కడికి వచ్చినవారి వివరాలు తీసుకుంటే, వేర్వేరు ఊళ్లలో విడివిడిగా నమోదై ఉన్న కేసులు ఒక్కటొక్కటిగా దానికి వచ్చి చేరాయి. తేదీ అడిగితే మనుషులు తడబడతారు. వండిన కూర, వచ్చిన సీరియల్, పడిన వాన, కట్టిన చీర అడిగితే ఆ రోజంతా కళ్లముందుకు తెచ్చుకుని చెబుతారు.

చెప్పడానికి భయం లేనప్పుడు మాత్రమే అలా చెబుతారు. నిశ్చితార్థం చేసిన ఇంటివారిని ఊరు ఎన్నాళ్లో మాటలతో పొడిచింది. ఇంటికి పోలీసు కాపలా, గుమ్మానికి ఎర్ర స్టిక్కరు, వాట్సాప్ గ్రూపుల్లో పేరూ ఫొటో చూసిన తర్వాత, పక్క వీధిలో జ్వరం వచ్చిన మనిషి పరీక్షకు ఎందుకు వస్తాడు? వచ్చినా, ఎక్కడికి వెళ్లాడో నిజం ఎందుకు చెబుతాడు? వెనక్కి వెతకడంలో ఉన్న ప్రమాదం కూడా ఇదే. సోకిన చోటును వెతుకుతున్నామని చెబుతూ, అంటించిన మనిషిని పట్టుకుంటున్నట్టు ప్రవర్తిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మెట్రోపోల్‌లో దిగిన వైద్యుడు కూడా ఒక రోగి దగ్గర సోకించుకున్నవారే.

దీన్ని మెరుగ్గా చేసినవారూ ఉన్నారు. 2020 మార్చిలో కేరళలోని పత్తనంతిట్ట జిల్లా యంత్రాంగం, రోగులు ఏ తేదీన ఏ సమయంలో ఏ చోట ఉన్నారో చూపే పటాలను పేర్లు లేకుండా ప్రచురించి, ఆ సమయంలో అక్కడున్నవారు తమంతట తాము ఫోను చేయాలని కోరింది. ఆ ఏడాది మే నెలలో సియోల్‌లోని ఇటెవాన్ ప్రాంతపు క్లబ్బుల నుంచి జబ్బు పాకినప్పుడు, అక్కడికి వెళ్లిన సంగతి బయటపడుతుందన్న భయంతో చాలామంది ముందుకు రాకపోవడం గమనించి, నగర పాలకులు పేరు చెప్పకుండానే పరీక్ష చేయించుకునే ఏర్పాటు చేశారు. పరీక్షకు వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. చోటునూ సమయాన్నీ నలుగురికీ చెప్పవచ్చు, పేరు మాత్రం రిజిస్టరు దాటనక్కర్లేదు.

మన రిజిస్టర్లలో నేను కోరుకునే మార్పు చిన్నదే. కాంటాక్టుల పేర్ల పక్కన, సోకిందని అనుమానమున్న చోటుకు ఒక పేజీ కేటాయించాలి. అది మూసిన గదా, ఆరుబయలా, కిటికీలు తెరిచి ఉన్నాయా, ఎంతమంది, ఎన్ని గంటలు, మాట్లాడారా, పాడారా, భోంచేశారా అన్నవి అందులో ఉండాలి. ఇద్దరు వేర్వేరు రోగుల పేజీల్లో ఒకే చోటు పడిన రోజున ఎవరో ఒకరు దానిని గమనించే ఏర్పాటు మండల స్థాయిలోనే ఉండాలి, జిల్లా కేంద్రానికి చేరేదాకా ఆగకూడదు.

ఈ అలవాటు కొత్త మహమ్మారి వచ్చేదాకా దాచుకోవలసినది కాదు. క్షయ మన మధ్యే ఉంది, అదీ గాలి ద్వారానే సోకుతుంది. పెద్దవారికి క్షయ అని తేలినప్పుడు ఇంట్లోవారందరినీ పరీక్షించడం ఇప్పుడు జాతీయ కార్యక్రమంలో భాగం. చిన్నపిల్లలకు తేలినప్పుడు మాత్రం వెనక్కే వెతకాలి. ఐదేళ్ల లోపు పిల్లల నుంచి ఇతరులకు సోకడం అరుదు, వారికి సోకిందంటే దగ్గరలో దగ్గుతున్న పెద్దవారెవరో ఉన్నారని అర్థం. ఆ పెద్దవారు ఇంట్లో తాతయ్య కావచ్చు, అంగన్‌వాడీకి వెళ్లే దారిలో రోజూ ఎత్తుకునే పక్కింటి పెద్దమ్మ కావచ్చు, రాత్రి పాఠాలు చెప్పే ట్యూషన్ మాస్టారు కావచ్చు. బిడ్డకు మందులు మొదలుపెట్టిన రోజునే ఆ మనిషి కోసం వెతకడం కూడా మొదలుపెట్టాలి. తల్లిని అడిగేటప్పుడు, బిడ్డను రోజూ ఎవరెవరు ఎత్తుకుంటారు, మధ్యాహ్నం ఎవరి ఇంట్లో నిద్రపోతుంది, ఆ గదికి కిటికీ ఉందా అని అడగాలి.